చివరి ఎనిమిది అడుగులు

మా ఆయన మాసయ్య గద్వాలలో పిల్లలకు కరాటే నేర్పుతాడు. సమురాయ్ అంటే ఆయనకు ప్రాణం. పాతకాలపు జపాన్ కత్తివీరులు ఎంత నిష్ఠగా బతికారో, నేను పప్పు మాడిపోతోందని పరుగెత్తుతున్నా వెనకే వచ్చి చెబుతాడు. ధైర్యం, నిజాయితీ, గౌరవం అంటూ వాళ్ల ఏడు సుగుణాలను క్లాసు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాడు. గ్యాస్ బండ అయిపోయిందని మూడుసార్లు చెబితే మాత్రం గుర్తుండదు.

ఇన్నేళ్లలో మొదటిసారిగా కిందటి నెల ధరూర్ పిల్ల శ్రుతిని హైదరాబాద్‌లో పోటీకి తీసుకెళ్లాడు. పద్నాలుగేళ్ల పిల్ల, క్లాసులో అందరికన్నా గట్టిది. ఎదురుగా శత్రువు ఉన్నాడనుకుని ఒంటరిగా వేసే అడుగుల వరుసను వాళ్లు కటా అంటారు. శ్రుతి పందొమ్మిది అడుగులు తప్పు లేకుండా వేసి వంగి దండం పెట్టింది. ఇంకా ఎనిమిది ఉన్నాయని చెప్పి జడ్జీలు ఆమెను పోటీ నుంచి తీసేశారు. మీరు నేర్పింది అంతే కదా సార్ అని పిల్ల అంటే, సమురాయ్ తన తప్పును ఇంకొకరి మీదికి నెట్టడని అందరి ముందూ కసిరాడు. ఒప్పుకునేదాకా క్లాసుకు రావద్దన్నాడు. ఆ పిల్ల మళ్లీ రాలేదు.

ఇంటికొచ్చాక ఎందుకో అనుమానం వచ్చి పెట్టె అడుగున ఉన్న జిరాక్స్ కాగితాలు తీశాడు. చనిపోయిన గురువు ఆ కాగితాలు చూసే ఈయనకు నేర్పాడు. చివరి బొమ్మలో మనిషి కాలు ఇంకా గాలిలోనే ఉంది. తర్వాతి పేజీ జిరాక్స్ తీయడమే మరిచారు. ఆ కాలు దించి దండం పెడితే అయిపోయిందనుకున్నారు ఈ మహానుభావులిద్దరూ. ఇరవై ఏళ్లుగా అదే నేర్పుతున్నాడు.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. ఫోన్‌లో ఆ కటా పూర్తి వీడియో పెట్టుకుని పాత శిష్యుల ఊళ్లన్నీ తిరిగాడు. బీచుపల్లిలో టీ కాచుకునే రాకేష్‌ను హైవే పక్కన నిలబెట్టి ఆ ఎనిమిది అడుగులూ వేయించాడు. శ్రీరంగాపూర్‌లో ఇద్దరు పిల్లల తల్లి జోగులమ్మతో వేరుశనగ కల్లంలో వేయించాడు. ధరూర్ పేరెత్తితే మాత్రం బండిలో పెట్రోల్ లేదనేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గోడ మీద ధైర్యం అని రాయించినవు. పద్నాలుగేండ్ల పిల్ల ముంగట నిలబడనీకె యాడికి పాయె గా ధైర్యం?" అన్నాను.

లేచి బయటికి వెళ్లిపోయాడు. తెల్లారి ధరూర్ ఆటో ఎక్కితే నేనూ ఎక్కాను. మధ్యలో దిగిపోతాడని నా భయం.

శ్రుతి ఇంటి ముందు పత్తి ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. మా ఆయన నల్లబెల్టు సంచిలోనే ఉంచి, కొత్తగా చేరిన పిల్లలు కట్టుకునే తెల్లబెల్టు తీసి నడుముకు కట్టుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా. నేను నీకు సగమే నేర్పిన. మిగిలింది నాకింక సరిగ రాదు. నువ్వే నేర్పియ్యాలె."

ఆ పిల్ల చేతిలోని పత్తి కింద పోసింది. తర్వాత లేచి, ఎదురుగా నిలబడి చేసి చూపించింది. అప్పటికే ఫోన్‌లో చూసి అంతా నేర్చేసుకుంది. ఈయన ఇరవైమూడో అడుగు దగ్గర మళ్లీ మళ్లీ తప్పాడు. నాలుగోసారి మోకాలు పట్టేసిందని వంగాడు. నాకు జాలేసింది, ఇక చాలు తల్లీ అందామనుకున్నాను.

"సమురాయ్ సాకులు చెప్పడని మీరే అంటరు గద సార్," అంది శ్రుతి. "మొదటిసంది చెయ్యుండ్రి."

చేశాడు.