కుట్టుమిషన్ నూనె తాగిన పిస్తోలు

విమానం దిగేసరికి ఉదయం తొమ్మిదిన్నర. తొంభైలో జూలై నెల. ఆస్ట్రేలియా ఉత్తరపు కొస, వానల్లేని కాలం. ఎర్రమట్టి, పొట్టి చెట్లు, ఇరవై గుడారాలు. ఆ మట్టిని అక్కడ బుల్‌డస్ట్ అంటారు. గోధుమపిండికన్నా మెత్తన. గాలి లేచిందంటే పక్కనున్న మనిషి కనపడడు.

నేను మెడిక్‌ని, అంటే గాయపడినవాళ్లకు తొలి వైద్యం చేసే సైనికుణ్ణి. మూడు నెలల విన్యాసాలు. యుద్ధమేమీ లేదు, ముందే చెబుతున్నాను. మా సిడ్నీ చుట్టాలు ఇప్పటికీ నేను యుద్ధం చేసొచ్చానని చెప్పుకుంటారు. కాదనే ఓపిక నాకు లేదు.

రోగిని మోయాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అందుకని మెడిక్‌కి రైఫిల్ బదులు పిస్తోలు ఇస్తారు. పది గంటలకు సంతకం పెట్టి తీసుకున్నాను. తొమ్మిది మిల్లీమీటర్లది, తూటాలు నింపే మ్యాగజైన్లు రెండు, ఒక బ్రష్షు. ఇచ్చినవాడు ఆయుధాలు చూసుకునే సార్జెంట్. యాభై దాటిన మనిషి, తెల్లటి కనుబొమలు, మాట తక్కువ.

"ఇక ఇది నీది. ముందు దీన్ని తుడిచి, తర్వాత నీ మొహం కడుక్కో" అన్నాడు.

తుడవడం నాకు కొత్త కాదనుకున్నాను. మా అమ్మది బందరు. బ్రిస్బేన్‌లో నర్సుగా పాతికేళ్లు పనిచేసినా ఆ ఉప్పుగాలి భయం ఆమెను వదల్లేదు. సన్నీబ్యాంక్‌లో మా ఇంట్లో కత్తెరకీ, కిటికీ ఊచలకీ, కుట్టుమిషన్‌కీ ప్రతి శనివారం నూనె పడాల్సిందే. నేను బయల్దేరుతుంటే మిషన్ నూనె డబ్బా ఒకటి, తన నీలిపూల పాత చీర చించి కత్తిరించిన గుడ్డముక్కలు నలభై మూటకట్టి ఇచ్చింది.

"ఇనుమురా అది. వదిలేశావంటే తుప్పు పట్టిద్ది. బాగా పట్టించు, పిసినారితనం చెయ్యమాక" అంది.

చెయ్యలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, పిస్తోలు విప్పి నూనె పోసేవాణ్ణి. అంబులెన్స్ డ్రైవర్ ఒకరోజు తొంగిచూశాడు.

"వేపుడు చేస్తున్నావా, మేట్?"

ఇంకో చుక్క పోశాను. బందరు సంగతి వీడికేం తెలుసు!

పదోరోజు, ఉదయం ఏడు. కాల్పుల పరీక్ష, ఇరవై తూటాలు. ఫెయిలైతే అంబులెన్స్‌లో పని ఉండదు, వెనక్కి టౌన్స్‌విల్ గిడ్డంగికి పోయి కట్టుగుడ్డల పెట్టెలు మోయాలి. మూడో తూటాకి పిస్తోలు బిగుసుకుపోయింది. ఎంత లాగినా కదల్లేదు. పరీక్షాధికారి కాగితం మీద ఏదో గీశాడు.

"రెండు రోజులు టైమిస్తున్నా. ఇంకొక్క ఛాన్స్."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. సార్జెంట్ దుప్పటి పరిచి పిస్తోలు విప్పాడు. లోపల నూనె, ఎర్రమట్టి కలిసి అచ్చం ఆవకాయ గుజ్జు.

"ఎవరు నేర్పారు?"

"మా అమ్మ."

వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు.

"సముద్రం పక్క మనిషా?"

"అవును, సర్."

"నన్ను సర్ అనకు, సార్జెంట్‌ని. అక్కడైతే ఆవిడ చెప్పిందే కరెక్ట్. ఇక్కడ దుమ్ముకి తడి దొరకకూడదు. ఒక చుక్క వెయ్యి, మళ్లీ తుడిచెయ్. వేలికి జిడ్డు తగిలిందా, ఎక్కువైనట్టే."

చీరముక్క ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "గుడ్డ మాత్రం మా దానికన్నా మేలు. పోగు రాలడం లేదు."

ఆ రెండు రోజులూ నాతో పదకొండుసార్లు విప్పించాడు. పొడిగుడ్డ, బ్రష్షు, చుక్క, మళ్లీ పొడిగుడ్డ. అమ్మ మాట కాదంటున్నట్టు ఉండేది. పన్నెండోరోజు ఉదయం ఇరవైకి ఇరవై తూటాలూ ఆగకుండా పేలాయి. డ్రైవర్ రేడియో అందుకున్నాడు.

"అంబులెన్స్ మూడు నుంచి. మెడిక్ మాతోనే ఉంటున్నాడు. వేపుడు బంద్. ఓవర్."

తర్వాత రెండున్నర నెలలు ఆ అంబులెన్స్‌లోనే తిరిగాను. వడదెబ్బలు, ఒక విరిగిన కాలు, ఒక పాము కాటు. ఒక్కడూ చనిపోలేదు. ఆ డ్రైవర్‌ని నేను తమ్ముడిలాగే ప్రేమించాను, వాడికి చెప్పలేదు గానీ.

సెప్టెంబరు చివర, ఉదయం ఎనిమిదింటికి పిస్తోలు అప్పజెప్పాను. మిగిలిన ఆఖరి చీరముక్కని సార్జెంట్ పిస్తోలు గొట్టంలోకి దూర్చి బయటికి లాగాడు. ఎండకు ఎత్తి చూశాడు. ఎక్కడా మరక లేదు.

"నూనె బ్రహ్మాండంగా పనిచేసిందని మీ అమ్మకి చెప్పు" అన్నాడు.

సన్నీబ్యాంక్‌లో సంచి కింద పెట్టకముందే అమ్మ అడిగింది. "ఏరా, నూనె సరిపోయిందా?"

"బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా. మా సార్జెంటే చెప్పాడు."

"నే చెప్పలా!" అని వంటింట్లోకి పోయింది.

ఆ ఎర్రమట్టి రోజుల్లో చాలా మరిచిపోయాను, మనుషుల పేర్లతో సహా. ఒక్కటి మాత్రం పోదు. పిస్తోలు అప్పజెప్పిన ఆ ఉదయం సార్జెంట్ ఆ నీలిపూల ముక్కని చెత్తబుట్టలో వెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి, ఖాకీ చొక్కా జేబులో దాచుకుని, గుండీ పెట్టుకున్నాడు.