ఆయ్ అంటేనే రాయాలి

టీచరు గారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న వచ్చింది. నేను బియ్యం కడుగుతున్నాను. తడి చేత్తోనే ఫోను చెవిన పెట్టుకుని, విని, "అయ్యో" అన్నాను. వెనకాల పెన్సిలు గీసిన చప్పుడైంది.

అది మా మనవరాలు. తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను ఏ వార్త విని "అయ్యో" అన్నా నోటుపుస్తకంలో ఒక గీత గీస్తుంది. గీత పక్కన అది ఏ వార్తో రాస్తుంది. ఆ పని నేర్పింది టీచరు గారే.

"ఏ వార్త, అమ్మమ్మా?" అంది పెన్సిలు ఆపి.

"తర్వాత చెప్తానే."

"తర్వాత అంటే ఎన్నింటికి?"

బియ్యం నీళ్ళు వంపేసి, మళ్ళీ పోసి, మళ్ళీ వంపేశాను.

బడివాళ్ళు టీచరు గారి గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. అయిదో తరగతితో ఆపేసినదాన్ని, తప్పులుంటే మన్నించండి.

మా పిల్లది ఆటిజం అని డాక్టరు గారు కాగితం మీద రాసిచ్చారు. టీచరు గారు దాన్ని ఒకసారి చదివి, మడిచి, నా చేతికిచ్చి, "తీరు వేరండి, అంతే" అన్నారు. అలాంటి పిల్లలు ఏడుగురిని చేర్చుకుని, శనివారం మధ్యాహ్నాలు విడిగా పాఠం చెప్పేవారు. మొదటిరోజు బోర్డు మీద "మీడియా పరిశోధన పద్ధతులు" అని రాశారు. నాకు అర్థమైంది నడిమి మాట ఒక్కటే. దానికే బెదిరిపోయాను. పరిశోధనంటే ఆస్పత్రుల్లో చేసేదే కదా!

"ఏమండీ టీచరు గారూ, పరిశోధనంటే పిల్లని ఏం చేస్తారండీ? సూదులూ అవీ ఏవైనా..." అని గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను.

ఆవిడ నవ్వబోయి ఆపుకున్నారు. "మీ పిల్ల మీద చెయ్యమండి మామ్మగారూ. మీ పిల్లే చేస్తుందండి."

"ఎవరి మీదండీ?"

"మీరున్నారుగా!"

అయినా నమ్మకం కుదరలేదు. ఏడాది పొడుగునా ఆ వరండా బల్ల మీద కాపలా కూర్చున్నాను. కొబ్బరాకుల నీడ గోడ మీద అటూ ఇటూ ఊగేది. లోపల ఆవిడ గొంతు, పేపర్లు తిప్పుతున్న చప్పుడు, మధ్యమధ్య సరేనండి అన్నట్టు పిల్లలనే "ఆయ్"లు, అన్నీ కలిసి దూరంగా కాలవ పారుతున్నట్టుండేవి. కాపలా అన్న మాటే గాని సగంసేపు నిద్రలోనే ఉండేదాన్ని. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఏది విన్నానో, ఏది కల కన్నానో తెలియదు.

కుదురుగా కూర్చోలేని పిల్లవాడిని వీధులంట పంపి, ఎవరింట్లో ఏ ఛానెల్ చూస్తున్నారో అడిగి రమ్మనేవారు. అక్షరాలు తారుమారుగా కనబడే పిల్ల ఫోనులో మనుషుల మాటలు రికార్డు చేసి పట్టుకొచ్చేది. పేపర్లో వార్తెంత, ప్రకటనెంత అని స్కేలు పెట్టి కొలిచేవారు కొందరు. మా పిల్లకి లెక్కపెట్టడం ఇష్టం. "అమ్మమ్మ టీవీ చూస్తూ ఎన్నిసార్లు అయ్యో అంటుంది?" అన్నది అది ఎంచుకున్న ప్రశ్న.

నాకు చెప్పకుండానే వారం రోజులు గీతలు గీసింది. శనివారం చూపిస్తే టీచరు గారు, "మామ్మగారిని అడిగేవా?" అన్నారు.

"లేదండి."

"అయితే ఈ పేజీ ఆవిడది. ఇచ్చేసి రా."

పిల్ల పేజీ చింపి, వరండాలోకొచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పటికీ పప్పుల డబ్బాలో ఉందది.

ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చోగానే వచ్చింది. "నువ్వు అయ్యో అంటే రాయమంటావా?" తలూపాను. "తలూపితే చాలదు. ఆయ్ అను."

"చిన్నపిల్లవి, నీకు నేను ఆయ్ అనడమేంటే!"

"ఆయ్ అంటేనే రాయాలి. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. టీచరు గారు చెప్పేరు."

అన్నాను మరి. మా అల్లుడు గారు పక్కగదిలోంచి, "అత్తయ్యగారు ఇన్నాళ్ళకి ఒకరికి ఆయ్ అన్నారు" అని నవ్వారు. అప్పట్నుంచి రోజూ అంటూనే ఉన్నాను.

కొన్నాళ్ళు పోయాక మా పిల్ల టీవీ సౌండు తీసేసింది. తీసేముందు అడిగిందిలెండి. గోదారి పొంగిందనీ, గ్యాసు పైపు పేలిందనీ చెప్పేవాళ్ళందరూ ఒక్కసారి నీళ్ళలో చేపల్లా నోళ్ళు ఆడిస్తూ తేలుతున్నారు. చూస్తూ కూర్చున్నాను, ఎంతసేపో. సౌండున్న రోజు పేజీ నిండా గీతలే. లేని రోజు రెండు వరసలు కూడా లేవు. అదే వరద, అదే మంట. నన్ను భయపెట్టింది వార్త కాదు, వెనకాల వాయించే డప్పులు!

తరగతిలో అది చదివి వినిపించిన రోజు మా పిల్ల గోడవైపు తిరిగి నిలబడింది. మనుషుల మొహాలు చూస్తూ మాట్లాడటం దానికి చేతకాదు. ఎవరో కిసుక్కుమన్నారు. "వినడానికి చెవులు చాలండి, మొహం ఎందుకు?" అన్నారు టీచరు గారు. చదవడం అయ్యాక, "మామ్మగారు ఇంత కంగారు ఎందుకు పడతారో తెలిసిందా?" అని అడిగారు.

"తెలీదండి."

"అయితే అక్కడ ఖాళీ వదిలెయ్యి. ఖాళీ తప్పు కాదు. తెలీనిది తెలిసినట్టు రాస్తే తప్పు."

వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, "ముందు లెక్కపెట్టుకోండి మామ్మగారూ, తర్వాత కంగారుపడుదురు గాని" అన్నారు. ఆవిడ చీర కొంగుకి ఎప్పుడూ సుద్దపొడే.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి చెప్పక తప్పలేదు. "టీచరు గారు పోయేరే, బుజ్జమ్మా."

"ఎవరు చెప్పేరు?"

"లెక్కల టీచరు గారు ఫోను చేసేరు."

"ఆవిడ చూసేరా?"

"ఏమో మరి."

"అయితే చూడాలి."

మా అమ్మాయి, అదే పిల్ల తల్లి, వద్దంది. జనం, ఏడుపులు, చర్చి పాటలు. పెళ్ళిలో బ్యాండు మోగితేనే చెవులు మూసుకుని అరిచిన పిల్ల ఇది. అక్కడ అరిస్తే? ఆవిడ ఆఖరి రోజున అల్లరైతే? అలాగని తీసుకెళ్ళకపోతే గీత పక్కన ఏం రాయాలని రోజూ అడుగుతుంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. బస్సు. జనం. పాట. తిరుగు బస్సు. నాలుగే. సరే అనుకున్నాను.

అమలాపురంలో టీచరు గారింటి ముందు షామియానా వేశారు. సన్నగా చినుకు. ఆవిడని తెల్లచీరలో పెట్టెలో పడుకోబెట్టారు. కొంగు మీద సుద్ద లేదు. పాట మొదలవగానే మా పిల్ల చెవులు మూసుకుని, కళ్ళు కూడా మూసుకుంది. ఇక అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పాట అయ్యేదాకా అలాగే నిలబడి, చేతులు దించి, పెట్టె దగ్గరకి వెళ్ళింది.

"టీచరు గారండీ, మీ గురించి రాయమంటారా?"

అని ఆగింది. నిజంగానే ఆగింది. వెనకాల వరస నిలిచిపోయింది. తల దగ్గర కూర్చున్న వాళ్ళ అక్కగారు కళ్ళు తుడుచుకుని, "రాసుకోమ్మా, ఆవిడ కాదంటుందా" అన్నారు.

"ఆవిడ ఆయ్ అనలేదండి" అంది మా పిల్ల, నోటుపుస్తకం మూసేసి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కాలవా, కొబ్బరితోటలూ వానలో కరిగిపోతున్నట్టు వెనక్కి పోతున్నాయి. ఏ వార్త అని నన్ను మళ్ళీ అడగలేదు. ఇవాళ్టిదాకా అడగలేదు.

నేను మాత్రం ఆవిడని అడక్కుండానే ఇదంతా రాసేశాను. తప్పేమోనని దిగులుగానే ఉంది. కనీసం పేరు రాయలేదు.

ఇప్పటికీ సాయంత్రాలు సౌండు తీసేసి టీవీ చూస్తాం. పిల్ల అడుగుతుంది, నేను ఆయ్ అంటాను. పుస్తకంలో ఆ మంగళవారం గీత పక్కన జాగా అలాగే ఉంది. పని అయ్యాక ఫ్యాను గాలికి పేజీలు తిరుగుతుంటే, మా పిల్ల ఆ పేజీ దగ్గర ఆపి, పెన్సిలు మధ్యలో పెట్టి మూస్తుంది. టీచరు గారి జవాబొస్తే వెతుక్కోనక్కర్లేకుండా.