ఆపిల్‌కాయ పచ్చడి

మా వైపు ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వచ్చేవాళ్ల చేతిలో ఆపిల్ పండ్లు ఉండి తీరాలి. దసరా ముందు మా అత్తయ్యగారికి విషజ్వరం వచ్చి తగ్గింది. సరిగ్గా తెనాలి మార్కెట్టులోకి కొత్త ఆపిల్ పండ్లు దిగే రోజులు. ఇక చూడండి. రేపల్లె నుంచి ఆవిడ చెల్లెలు రైల్లో ఒక సంచి మోసుకొచ్చింది. బాపట్ల నుంచి మా అమ్మ ఇంకో సంచి. ఇరుగుపొరుగువాళ్లు సరేసరి. ఫ్రిజ్ నిండిపోయి, బియ్యం డబ్బా మీద కూడా ఆపిల్ పండ్లే.

అత్తయ్యగారు మాత్రం ఒక్క ముక్క ముట్టలేదు. అన్నమూ అంతే. జ్వరం పోయింది కానీ నాలుక చచ్చిపోయింది. ఉప్పూ కారం మామూలుగానే పెట్టవచ్చనీ, ఇలాగే తినకుండా ఉంటే మాత్రం మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందనీ డాక్టరుగారు చెప్పారు.

నన్ను భయపెట్టింది ఇంకొకటి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి నా వంటకు వంక పెట్టకుండా ఆవిడ కంచం ముందు నుంచి లేచింది లేదు. చారు పలచన, కూర ముద్ద, పోపు మాడింది. నేనేమీ తక్కువ తినలేదు, వీధిలోకి వినిపించేలా గిన్నెలు కడిగేదాన్ని. అలాంటి మనిషి ఇప్పుడు ఏం పెట్టినా రెండు మెతుకులు నోట్లో వేసుకుని "బాగుందమ్మా, చాలు" అంటుంటే నా గుండె జారిపోయేది.

ఒక పొద్దున ఆ ఆపిల్ పండ్ల గుట్ట చూసి ఒళ్లు మండింది. పండులా తినకపోతే కాయలా వండి పెడతానని పట్టుదల పుట్టింది. మామిడికాయ పప్పులాగే ఎర్రటివి నాలుగు తరిగి కందిపప్పులో పడేశాను. పాయసానికి పచ్చిమిరపకాయలు వేసినట్టు తయారైంది. నాకే ముద్ద దిగలేదు. ఆవిడ దాన్ని కూడా బాగుందన్నారు. వంటింట్లోకి వచ్చి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు అమ్మ తెచ్చిన సంచి విప్పితే అడుగున కాస్త ఆకుపచ్చగా ఉన్నవి కనిపించాయి. ఒకటి కొరికాను. పులుపు! చెవుల దాకా వినిపించే కరకర! ఇది దోసకాయకు చుట్టమే అనుకున్నాను. ఇక నా కాలు నిలవలేదు. మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, పచ్చిమిరపకాయలు నూనెలో వేయించాను. మిక్సీ పక్కన పెట్టి, పెరట్లో మూల పడి ఉన్న రోలు కడిగి, కాస్త చింతపండు, ఉప్పు వేసి దంచాను. చిన్నగా తరిగిన పచ్చి ముక్కలు చివర్లో వేసి, నలిగీ నలగకుండా నాలుగు పోట్లు వేశాను. పైన ఇంగువ పోపు. ఇల్లంతా ఘుమఘుమలాడింది. చిన్నపిల్లలా గంతులేయాలనిపించింది.

వేడన్నంలో నెయ్యి వేసి, పచ్చడి కలిపి తీసుకెళ్లాను. ఏం పచ్చడో చెప్పలేదు. ఆవిడ మొదటి ముద్ద నెమ్మదిగా నమిలారు. ముక్క కరకరమంది. ఆగారు. రెండో ముద్ద తనంతట తానే పెట్టుకున్నారు.

కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి నాకు బాగా తెలుసు.

"ఏంటమ్మాయ్ ఇది? ఉప్పు చాల్లేదు. ఇంగువ కూడా సరిగా వేగలేదు."

ఆ మాటకు నాకు అంత సంతోషం కలుగుతుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే కొట్టేదాన్ని. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కోసం వంటింటి అరలన్నీ వెతికాను. చివరికి తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ చిటికెడు వేసుకుని, మళ్లీ కలుపుకుని, ఇంకాస్త అన్నం పెట్టమన్నారు.