తివాచీ మీద యాభై నిమిషాలు

వేలూరులోని ఒక కాలేజీ జౌళి ప్రయోగశాలలో పుష్పవతి పదకొండేళ్లుగా కొలతలు తీస్తోంది. ఊరు గుడియాత్తం. పుట్టిల్లూ మెట్టినిల్లూ మగ్గాల ఇళ్లే. ఆమె ఒక్కతే నేత వదిలి ఈ ఉద్యోగంలో చేరింది. ఏడాదికోసారి, జూన్‌లో, దాన్ని పొడిగిస్తారు. మే నెలంతా ఆమెకు అన్నం సయించదు.

ఈసారి ఆమెకు అప్పజెప్పిన పని తివాచీలది. తివాచీ మీది నూలు పోగులు బరువు కింద ఎంత అణుగుతాయో, బరువు తీశాక ఎంత లేస్తాయో కంప్యూటరు మీద ముందే లెక్కగట్టాలని సుజిత అనే పరిశోధక విద్యార్థిని పాటుపడుతోంది. ఆ లెక్క ఒప్పో తప్పో తేల్చేది పుష్పవతి కొలతలే. తివాచీ ముక్క మీద ఇనుప దిమ్మ పెట్టాలి. సరిగ్గా ఇరవైనాలుగు గంటలకు తీయాలి. గంట ఆగి మందం చూడాలి.

మే నెల రెండోవారం, ఒక మంగళవారం పొద్దున పదింటికి దిమ్మ పెట్టింది. మర్నాడు ల్యాబుకు వచ్చే దారిలో లత్తేరి దగ్గర బస్సు టైరు పేలింది. రోడ్డు మీద నిలబడి ఆమె గడియారం తప్ప మరేదీ చూడలేదు. ల్యాబు చేరేసరికి పది యాభై. దిమ్మ తీసింది. కొలతల పుస్తకంలో మాత్రం చెయ్యి దానంతటదే 'పది' అని రాసేసింది.

తొమ్మిది మిల్లీమీటర్లకు లేవాలని సుజిత లెక్క. లేచింది ఎనిమిదీ ముప్పావే. రెండు రోజులు సుజిత ఆ అంకెతోనే కుస్తీ పట్టింది. ఆమె కుర్చీ కదిలినప్పుడల్లా పుష్పవతి పని ఆపి అటు చూసింది. శనివారం ఇక ఆగలేకపోయింది.

"బుధవారం దిమ్మ పదికి తీయలేదమ్మా. బస్సు నిల్చిపోయింది. పది యాబైకి తీసినాను. బుక్కులో పదని రాసినాను."

సుజిత తలెత్తింది. "ఎందుకక్కా అట్ల రాసినావు?"

"బయమేసింది."

"ఈ అంకెకి సరిపోవల్లని నేను లెక్కనే మార్చేదానికి చూస్తా ఉండాను." సుజిత కొలతల పుస్తకం మూసింది. "సార్‌కి చెప్పల్ల అక్కా. నువ్వే చెప్పు."

ల్యాబు చూసుకునే ప్రొఫెసర్ దేవేంద్రన్ అంతా విని, జరిగింది తమిళంలో రాసిమ్మన్నాడు. రాసిచ్చింది. ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పుష్పవతికి.

సోమవారం కొత్త ముక్క మీద దిమ్మ పెట్టింది. మంగళవారం మొదటి రైలుకే వేలూరు పక్కనున్న కాట్పాడిలో దిగి, ఎనిమిది కాకముందే ల్యాబులో కూర్చుంది. సరిగ్గా పదింటికి తీసింది. పదకొండింటికి కొలిచింది. తన కళ్లను నమ్మక సుజితను పిలిచింది. మళ్లీ ఎనిమిదీ ముప్పావే.

"తప్పు నీ యాబై నిమిషాలది కాదు. పోగులన్నీ స్ప్రింగు మాదిరి తిరిగి లేస్తాయనుకున్నాను. కొన్ని మొదట్లోనే వంగిపోయి మళ్లా లేయవు. అది నా లెక్కలో లేదు," అంది సుజిత.

"అయినా నేను రాసింది తప్పే కదమ్మా."

"అవునక్కా," అంది సుజిత.

పుష్పవతి పుస్తకంలో పాత 'పది'ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పది యాభై అని రాసి సంతకం పెట్టింది. జూన్ ఒకటి దాటింది, రెండోవారమూ గడిచింది. ఆఫీసులో అడగడానికి ఆమెకు నోరు రాలేదు. పద్దెనిమిదో తేదీన పొడిగింపు కాగితం వచ్చింది. దాన్ని మూడుసార్లు చదివి, బస్సెక్కాక మళ్లీ తీసి చూసుకుంది.