తెడ్డు మీద నిలబడ్డ కిటికీ

పోయిన మంగళవారం పొద్దున్న చేపలమ్మే ఆమె గంప దించుకుని నా టిఫిన్ బండి కిటికీ దగ్గరికొచ్చింది. "అమ్మీ, మీ పడవల తాత నిన్న పోనాడు. నిద్దర్లోనే," అంది. నా చేతిలో ఇడ్లీల పళ్లెం ఉంది. ఎదురుగా పదిమంది నిలబడి ఉన్నారు. పళ్లెం ఇవ్వాల్సిన మనిషికి ఇచ్చేసి, లోపలికి తిరిగి ఏడ్చాను.

ఆయన మాకు చుట్టం కాదు. దువ్వాడలో మా పక్కింటి తాత. బతుకంతా సముద్రం ఒడ్డున పడవలు బాగుచేసి, ముసలితనంలో కూతురి దగ్గరికి వచ్చాడు.

నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చాక కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు. అంతలో మా ఆయన చేస్తున్న కాంట్రాక్టు పని ఆగిపోయింది. టిఫిన్లు అమ్మితేనే ఈ ఊళ్లో ఉండగలం, లేదంటే తిరిగి పల్లెకే. కొట్టు అద్దెకు తీసుకునే స్తోమత లేదు. అప్పుడే మా ఆయన పాత ఇనుము కొట్టులో ఒక చక్రాల ఇల్లు చూసొచ్చాడు.

జీపు వెనక తగిలించి లాక్కెళ్లే బండి అది. ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో పైదేశం ఇంజినీరు ఎవరో అందులో ఉండేవాడట. రేకు గోడలు, మడత మంచం, బొమ్మరింట్లో ఉన్నంత సింకు. నేల కుళ్లిపోయింది. కప్పులోంచి ఆకాశం కనబడేది. తుక్కు ధరకి ఇచ్చారు.

తాత దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో రేకు మీద కొట్టి విన్నాడు. "ఇదేటి, బోర్లించిన పడవే గదా. దానికి నీరు కిందనుంచొత్తాది, దీనికి పైనుంచొత్తాది. అంతే తేడా," అన్నాడు.

కొత్తది ఏదీ కొననివ్వలేదు. పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో ఓడ సరుకు పెట్టెల చెక్కలు ఏరి తెచ్చి నేల వేశాడు. వాటి మీది నల్లటి పరాయి అక్షరాలు ఇప్పటికీ నా కాళ్ల కింద ఉన్నాయి. మడత మంచం కూరలు తరిగే బల్ల అయింది. చీలికల్లో దూది కుక్కి, నూనెలో గుగ్గిలం కాచి పూశాడు. గోడకి పళ్లెం పట్టేంత కంత చాలని నేనే అడిగాను. పళ్లెం బయటికి పోవాలి, నా మొహం కనబడకూడదు.

టిఫిన్లు మొదలుపెట్టిన రోజు, పడవని నీళ్లలోకి దించినట్టే, బండి ముక్కుకి పసుపు రాయించి కొబ్బరికాయ కొట్టించాడు. జోరున వాన. ఒక్క చుక్క లోపలికి రాలేదు. తాత మీసం తడుముకుంటూ కూర్చున్నాడు. ఇడ్లీ పాత్రకి ఆవిరి పట్టాక కప్పు నుంచి టపటపా చుక్కలు మొదలయ్యాయి. రేకుకున్న గాలి కంతలన్నీ పడవకి మూసినట్టు మూసేశాడు మరి. బయట ఒకతను, "వదినా, ఈదిలో కన్నా సెట్నీలోనే ఎక్కువ వాన పడతంది," అన్నాడు.

తాత లేచి తడిసిన కప్పు తడిమాడు. "పడవ మీద వండితే ఆవిరి ఆకాశానికి పోద్ది. దీనికి ఆకాశం ఒదలడం మరిసిపోనాను. గోడ కొయ్యాల."

"ఒద్దు తాతా. అందరూ సూత్తారు. నాకు మాట రాదు."

"మాటలెవుడడిగినాడమ్మీ? ఆళ్లడిగింది ఇడ్లీలు."

వాన వెలిశాక గోడ సగం కోసి, ఆ రేకునే పైకెత్తే తలుపు చేశాడు. దాన్ని నిలబెట్టడానికి కర్ర దొరక్క, ఇంటికెళ్లి తన పాత పడవ తెడ్డు తెచ్చి ఆనించాడు.

ఆ తరవాత నెల రోజులు కిటికీ పక్కన స్టూలు వేసుక్కూర్చుని, నేను గొణిగింది గట్టిగా చెప్పేవాడు. "రెండు నిమసాలాగాలంట." "అల్లం సెట్నీ అయిపోనాదంట." ఒకరోజు మానేశాడు. "నాకు సెవులు పోనాయమ్మీ. నువ్వే సెప్పుకో," అన్నాడు. చెప్పక తప్పలేదు. వెనక వరసకీ వినబడింది. మర్నాడు పొయ్యి దగ్గర నాలో నేను, "తాత టీలో పంచదార మరిసిపోనాను," అని గొణుక్కున్నాను. "పర్లేదులే, తాగీసినాను," అని స్టూలు మీద నుంచి జవాబొచ్చింది.

రెండేళ్ల కిందట కొడుకు దగ్గరికి, మళ్లీ ఒడ్డుకే వెళ్లిపోయాడు. తెడ్డు తీసుకెళ్లమంటే, "పడవ ఇక్కడుంటే తెడ్డు అక్కడికెందుకమ్మీ?" అన్నాడు.

ఆ మంగళవారం కళ్లు తుడుచుకుని కిటికీ వైపు తిరిగాను. అందరూ నా మొహమే చూస్తున్నారు. "మా తాత పోనాడండి," అని వెనక వరసకీ వినబడేలా చెప్పాను. పాత్ర మూత సందులోంచి ఆవిరి లేచి, నా భుజం మీదుగా, తెడ్డుని రాసుకుంటూ బయటికి పోయింది. ఆయన చెయ్యి పట్టి పట్టి నున్నబడిన చోట తెడ్డు తడిగా మెరిసింది.