పులుసు గొడవలో విరిగిన సూది

నోరు మూసుకోమని నాకు చాలామంది చెప్పారు. నోరు తెరుచుకుని ఊరుకోమన్నది మాత్రం మా గూడెం పళ్ల డాక్టరుగారొక్కరే. ఆ రెండోది మరీ కష్టమని అక్కడే తెలిసింది.

తాడేపల్లిగూడెంలో ఆయన క్లినిక్‌లో కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకుంటున్నాను. ఇంజక్షన్‌తో సగం మొహం నాది కాకుండా పోయింది. వెంట్రుకంత సన్నటి సూదిని, ఫైలంటారు దాన్ని, పన్ను వేరులోకి దింపి ఆయన శుభ్రం చేస్తున్నారు. ఉంగుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అసిస్టెంటు ట్రే పట్టుకుని, గుమ్మం దగ్గర కూర్చున్నావిడతో చెబుతోంది:

"ఏంటోనండీ, నిన్న కొర్రమీను పులుసు పెడితే ముక్కలన్నీ చిదిరిపోయాయండీ. గరిటెతో మెల్లగానే తిప్పానండీ!"

గరిటె! చేపల పులుసులో! మా పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున కైకలూరు. ఉడికే పులుసులో గరిటె పెట్టిన కోడలి గురించి మా ఇళ్లలో ఏడాది పాటు చెప్పుకుంటారు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని కుదపాలి, అంతే. డిగ్రీ చదివిన మనిషిని, నోట్లో సూది ఉందన్న జ్ఞానం ఉండాలి. లేదు. తలెత్తి, "గిన్నె కుదపాలి!" అనబోయాను. అనాలంటే పళ్లు కలపాలి కదా. కలిపాను. లోపల టిక్కుమంది.

డాక్టరుగారు ఎక్స్‌రే తీసి, దాచకుండా చెప్పారు. "ఫైలు కొస విరిగి లోపలుండిపోయిందమ్మా. నా దగ్గర తీసే వీల్లేదండి. ఏలూరులో మైక్రోస్కోపు పెట్టి తీసే డాక్టరమ్మగారున్నారు, ఉత్తరం రాసిస్తాను. అది వస్తే పన్ను దక్కుతుందండి. రాకపోతే పీకాల్సి రావచ్చు."

నేను కొరికానని ఆయన అనలేదు. ఆయన అనలేదు కాబట్టి నేనూ అనలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చి ఆడవాళ్లం బుధవారం ప్రార్థనకి కూడతాం. ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుంటే అందరూ దానికోసం ప్రార్థన చేస్తారు. నా వంతు రాగానే, "ఆ డాక్టరు నా పంట్లో మేకు వదిలేశాడక్కా" అన్నాను. వెంట్రుకంత సూది నా నోట్లో పడి మేకైంది. రెండు బుధవారాలు నా పన్ను కోసమూ, ఆ డాక్టరుగారికి మారుమనసు కలగాలనీ ప్రార్థన చేయించాను. రెండోసారి లేచేటప్పుడు మీటింగు నడిపే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పి మంచిపని చేశావమ్మా. నేనూ, మా చెల్లీ ఇక ఆయన దగ్గరికెళ్లం. పళ్ల సెట్టు సగంలో ఆపేశాను."

అవును మరి, ఆవిడ నోట్లో పైన పళ్లున్నాయి, కింద లేవు. ఆ రాత్రి నాకు పన్ను కన్నా ఆ ఖాళీ చిగుళ్లే ఎక్కువ సలిపాయి.

మర్నాడు ఏలూరు బస్సెక్కాను. ఉత్తరం ఒళ్లో ఉంది, కవరు అంటించి ఉంది. నా మీద ఏం రాసుంటాడో ఊహించుకుని, భీమడోలు వచ్చేలోగా మూడు జవాబులు తయారుచేశాను. మూడోది వింటే ఆయన ప్రాక్టీసు మానేసేవాడు.

ఏలూరు డాక్టరమ్మగారు కవరు చించి పైకే చదివారు. "ఫైలు నా చేతిలో విరిగింది. పేషెంటు బాగా సహకరించారు."

సహకరించానట! ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన ఒక్కసారైనా అనని మాట. నా మూడు జవాబులూ నేనే మింగాను.

"మీరేమైనా కదిలారా అండీ?" అని ఆవిడ అడిగారు.

"కొరికానండీ."

"అయ్యో, నొప్పేసిందా?"

"లేదండీ. గరిటె పెట్టారండీ."

ఆవిడ మైక్రోస్కోపు దగ్గరికి లాక్కున్నారు.

విరిగిన ముక్కని పట్టుకుని లాగరట. దాని చుట్టూ సన్నటి మిషను కొస ఆనించి, సన్నగా వణికిస్తూ వదులు చేస్తారట. గంటకు పైగా నోరు తెరుచుకుని పడుకున్న నాకు ఒకటే ఆలోచన: కుదపాలనే కదమ్మా నేనూ అన్నది! ఈసారి మాత్రం పైకి అనలేదు. ఆఖరికి ముక్క నీళ్లతోపాటు బయటికొచ్చింది. దూది మీద పెట్టి చూపించారు. చీమ కాలంత లేదు. మేకుట!

కష్టం తీరినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, అది మా దగ్గర ఆనవాయితీ. బుధవారం లేచాను. సూది విరగడం నావల్లేనని, డాక్టరుగారి తప్పు లేదని, ఆయన రాసిన ఉత్తరంతో సహా చెప్పాను.

"మరి ఆయన మారుమనసు కోసం రెండు వారాలు మాచేత మోకాళ్లూనించావేమే?" అంది అక్క.

"ప్రార్థన సరైందేనక్కా. మనిషినే తప్పు చెప్పాను."

"నా కింది పళ్లో?"

మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని గూడెం క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరుగారు మా ఇద్దరినీ చూసి "రండమ్మా" అన్నారు, అంతే. ఆవిడ కొలతలయ్యాక నా పన్నుకి తొడుగు కోసం కుర్చీలో పడుకోబెట్టారు. నోరు తెరిచాను.

ఉంగుటూరావిడ ట్రే పట్టుకుని నా మీదికి వంగింది. "అమ్మగారూ, ఆ రోజు మీరు సగం నోటితో అన్నది పట్టుకుని ఈసారి గిన్నే కుదిపానండీ. ముక్క చెదరలేదండీ. చింతపండు బదులు నిమ్మకాయ పిండానండీ."

నిమ్మకాయ! కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. నోరు తెరిచే ఉంచాను.