పొట్టేలు మెడలో పదో తరగతి

కరోనా కాలంలో బడికి తాళం పడ్డాక లెక్కల పాఠం ఫోన్లో చెప్పమన్నారు. దానికంటే గోడకు చెప్పుకోవడం నయం. గోడైతే పాఠం మధ్యలో మాయమైపోదు కదా. "వినబడుతుందా?" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. పిల్లల సంగతేమో గానీ, మా ఇంట్లోవాళ్లకు త్రికోణమితి పూర్తిగా వచ్చేసింది.

నా బెంగంతా ఒక్క పిల్ల మీద. వాళ్లింట్లో పదో తరగతి దాకా వచ్చింది ఆమె ఒక్కతే. బడి మూయగానే వాళ్ల నాయిన గొర్ల మందతో పాటు ఆమెనూ అమ్రాబాద్ గుట్టల దిక్కు తీసుకుపోయాడు. వాళ్లక్క కూడా అట్లాగే మంద వెంట పోయి మళ్లీ బడి ముఖం చూడలేదు. ఈ పిల్లనూ పోగొట్టుకుంటానేమోనని నాకు అన్నం సహించలేదు.

పదిసార్లు చేస్తే ఒకసారి ఫోన్ కలిసింది, ఆయన మీద ఇంతెత్తున లేచాను. పాఠానికి రాకపోతే నేనే గుట్టలకొస్తానన్నాను.

"ఫికర్ జేయకు మేడం, రేపటి సంది ఇంటది" అన్నాడు.

మర్నాడు నిజంగానే ఫోన్ కలిసింది. తెర మీద పిల్ల లేదు. కాస్త ఆకాశం, ఆ పక్కన ఆగకుండా నములుతున్న ఒక దవడ.

"ఎవరది, పాఠంలో తింటున్నది?" అని గద్దించాను.

ఎక్కడో కింది నుంచి పిల్ల గొంతు వినిపించింది. "మా పొట్టేలు మేడం. నేను బండ కింద గొర్ల కాడున్న."

సంగతేమిటంటే, అక్కడ సిగ్నల్ దొరికేది ఒక పెద్ద బండ కొసన మాత్రమే. మందకు ముందు నడిచే గంట పొట్టేలు ఎండెక్కగానే ఆ బండెక్కి పడుకుంటుంది. మందలో ఏది తప్పిపోయినా అది తప్పిపోదు. అందుకని వాళ్ల నాయిన ఫోన్‌ను భద్రంగా దాని మెడకు కట్టాడు.

అది తల తిప్పితే సిగ్నల్ పోయేది. "జర ఇటు తిరుగు నాయనా" అని, ఎమ్మెస్సీ చదివిన నేను, రోజూ పొట్టేలును బతిమాలాను. మా ఆయన నవ్వేవాడు. నవ్వనీ. పిల్ల మాత్రం కింది నుంచి జవాబులు అరిచి చెబుతూనే ఉంది.

బడి తెరిచిన రోజు ఆమె జాగా ఖాళీగా ఉంది.  ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు, పక్కనే గంట చప్పుడు; ఫోన్ ఇంకా పొట్టేలు మెడలోనే ఉందన్నమాట.

"పిల్లేది?" అన్నాను కోపంగా.

"పొద్దుగాల్నే బస్సెక్కిచ్చిన మేడం, వస్తాంటది."

హమ్మయ్య అనుకుని పెట్టేయబోయాను.

"జర ఆగు మేడం. నిన్న పాఠం సగంల ఆపినవు. నీడను బట్టి చెట్టు ఎత్తు తీస్తమంటివి గద, ఎట్ల తీస్తరు?"

"నువ్వు కూడా విన్నావా?"

"రోజు ఇన్న మేడం. ఇప్పుడు పిల్ల ఆడికొచ్చె, నాకెవరు చెప్తరు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అంతలో పిల్ల రొప్పుతూ వచ్చి తన జాగాలో కూర్చుంది. నేను వీడియో పెట్టి, ఫోన్ బల్ల మీద నిలబెట్టి, బోర్డు మీద చెట్టు గీశాను.

"పొట్టేలును కదలకుండా పట్టుకో అన్నా" అన్నాను.